రిపబ్లికన్ పెద్దాయన డెమొక్రాట్‌కి సపోర్ట్ ఇచ్చాడు, పోల్‌లో 4 పాయింట్ల లీడ్ ఉంది. సెనేట్ సీటు గెలిచినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. మీది రిపబ్లికన్ స్టేట్ అయినా సెనేట్ సీటుకి గట్టి పోటీ ఉంది, ఒకప్పుడు రిపబ్లికన్ పార్టీలో పెద్ద పదవి చేసినాయన ఈసారి డెమొక్రాట్‌కే నా ఓటు అని బయటికొచ్చి చెప్పాడు, అదే వారం వచ్చిన పోల్‌లో డెమొక్రాట్‌కి 46, రిపబ్లికన్‌కి 42 చూపించింది, మీ వాట్సాప్ గ్రూపులో అందరూ ఇంక సీటు మారిపోయినట్టే అంటున్నారు, నమ్మొచ్చా అని అడిగారు.

నమ్మొద్దండీ. ఓడిపోతాడని కాదు నేననేది, మీరు చెప్పిన ఆ రెండు విషయాలతో గెలిచినట్టు మాత్రం కాదు. నేను ఇరవై ఏళ్ళ పైనుంచి నార్తర్న్ వర్జీనియాలో ఉంటున్నా, అందులో ఏడేళ్ళు సర్వే డేటాకి వెయిట్లు వేసే, అంటే ఏ వర్గం వాళ్ళ జవాబుని ఎంతగా లెక్కపెట్టాలో సరిచేసే ఉద్యోగమే చేశా, సిటిజన్‌షిప్ వచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఎలక్షన్‌కీ సాయంత్రాలు ఫోన్లు చేయడానికో తలుపులు తట్టడానికో వెళ్తున్నా. ఈ రెండిటి గురించీ, అంటే ఎండార్స్‌మెంట్ (ఒక అభ్యర్థికి బహిరంగంగా సపోర్ట్ ప్రకటించడం) గురించీ పోల్ గురించీ, మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఒకే పొరపాటు పడటం చూస్తున్నా కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఎండార్స్‌మెంట్ సంగతి. మనకి పొత్తులు అలవాటు కదా, రెండు పార్టీలు కూర్చుని సీట్లు పంచుకుంటాయి, కింద కేడర్‌కి కబురు వెళ్తుంది, ఓటు ట్రాన్స్‌ఫర్ అయిందా లేదా అని లెక్క వేసుకుంటాం. ఇక్కడ అవతలి పార్టీ మనిషి సపోర్ట్ ఇస్తే అలాంటిదేమీ జరగదు. ఆయన వెనకాల కేడర్ రాదు, పార్టీ రాదు, నిజం చెప్పాలంటే పార్టీ ఆయన మీద మండిపడుతుంది. ఆయన ఇచ్చేదల్లా ఒక్కటే, తన పార్టీ అభ్యర్థి నచ్చక లోపల్లోపల మథనపడుతున్న ఓటరుకి "పర్లేదు, ఈసారికి వేయకపోయినా నువ్వు మన పార్టీ మనిషివే" అనే ధైర్యం. ఆ ధైర్యం కోసం ఎదురుచూసే ఓటర్లు ఆ స్టేట్‌లో నిజంగా ఉన్నారా, ఉంటే వాళ్ళు ఈయన మాట వినేవాళ్ళేనా, అదీ అసలు ప్రశ్న.

మా వర్జీనియాతోనే మొదలుపెడతా, ఎందుకంటే ఇక్కడ ఒకే మనిషి రెండుసార్లు ఈ పని చేశాడు. జాన్ వార్నర్ అని రిపబ్లికన్ సెనేటర్, 1979 నుంచి 2009 దాకా ముప్పై ఏళ్ళు ఆ సీట్లో ఉన్నాడు, అంతకుముందు నేవీ సెక్రెటరీ. 1994లో ఇంకో సీటుకి వాళ్ళ పార్టీ ఆలివర్ నార్త్‌ని నామినేట్ చేసింది, ఇరాన్‌కి రహస్యంగా ఆయుధాలు అమ్మిన ఇరాన్ కాంట్రా వ్యవహారంలో పేరు మోగిపోయిన నార్త్. వార్నర్ నేను ఒప్పుకోను అన్నాడు. అయితే చూడండి, ఆయన డెమొక్రాట్‌కి వేయమనలేదు, మార్షల్ కోల్‌మన్ అని తమ పార్టీవాడే ఇండిపెండెంట్‌గా నిలబడితే ఆయనకి సపోర్ట్ ఇచ్చాడు. డెమొక్రాట్ చక్ రాబ్‌కి 45.6 శాతం, నార్త్‌కి 42.9, కోల్‌మన్‌కి 11.4 వచ్చాయి. రిపబ్లికన్లు 40 ఏళ్ళ తర్వాత హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) గెలుచుకున్న సంవత్సరం అది, గాలి అంతా వాళ్ళ వైపే ఉంది, అలాంటి ఏడాదిలో నార్త్ మూడు పాయింట్ల లోపు తేడాతో పోయాడు. నార్త్‌కి వేయడం ఇష్టంలేని రిపబ్లికన్‌కి డెమొక్రాట్ గుర్తు ముట్టుకోకుండా నిలబడటానికి ఒక చోటు దొరికింది, వార్నర్ వేలు పెట్టి ఆ చోటు చూపించాడు. ఓటు చీలింది.

ఆ పనికి 1996లో ఆయన మూల్యం చెల్లించాల్సి వచ్చింది, సొంత పార్టీవాళ్ళే ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ముందస్తు ఎన్నికలో, పోటీ పెట్టారు. వర్జీనియాలో ఓటరు ఫలానా పార్టీ అని నమోదు చేసుకోవడం ఉండదు, ప్రైమరీలో ఎవరైనా వెళ్ళి ఓటేయొచ్చు, అది ఆయనకి కలిసొచ్చి సులువుగానే గట్టెక్కాడు. అదే ఏడాది నవంబర్‌లో ఆయన మీద నిలబడ్డ డెమొక్రాట్ పేరు కూడా వార్నరే, మార్క్ వార్నర్, ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. "మార్క్, నాట్ జాన్" అని కార్లకి స్టిక్కర్లు కూడా వేసుకున్నారు. జాన్ గెలిచాడు. 2008లో జాన్ రిటైరయ్యాక అదే సీటు మార్క్ 65 శాతంతో గెలిచాడు. 2014లో మార్క్ మళ్ళీ పోటీ చేస్తే, ఒకప్పుడు తనమీద నిలబడ్డ ఆ మనిషికే జాన్ వార్నర్ సపోర్ట్ ఇచ్చి, పక్కన నిలబడి ప్రచారం చేశాడు. ఇంతకంటే మంచి ఎండార్స్‌మెంట్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి! ముప్పై ఏళ్ళు స్టేట్ మొత్తం గౌరవించిన పెద్దమనిషి, పాత ప్రత్యర్థి, సొంత పార్టీ అభ్యర్థి ఎడ్ గిలెస్పీని కాదని వచ్చాడు. చివరి పోల్స్ సగటున మార్క్ వార్నర్‌కి దాదాపు 10 పాయింట్ల లీడ్ చూపించాయి.

రిజల్ట్ రోజు రాత్రి మేమంతా ఒక ఫ్రెండ్ ఇంట్లో కూర్చున్నాం, తొమ్మిదింటికల్లా ఇళ్ళకి వెళ్ళిపోదామనుకున్నాం. అర్ధరాత్రి దాటినా తేలలేదు. చివరికి 49.1కి 48.3, ఇరవై ఒక్క లక్షలకు పైగా ఓట్లు పడితే పద్దెనిమిది వేలు కూడా లేని తేడాతో బయటపడ్డాడు.

ఎందుకలా అయిందో మీ ప్రశ్నకి ఇక్కడే సగం జవాబు ఉంది. పోల్స్‌లో మార్క్ వార్నర్‌కి ఉన్నది 48, 49 ప్రాంతం, గిలెస్పీకి 40 ప్రాంతం, మిగతావాళ్ళు ఇంకా తేల్చుకోలేదన్నారు. రిజల్ట్‌లో వార్నర్‌కి వచ్చింది 49. అంటే పోల్ ఆయన విషయంలో తప్పు చెప్పలేదండీ, ఆయనకి ఎంత ఉందో అంతే చూపించింది. తేల్చుకోలేదన్న వాళ్ళంతా దాదాపుగా కట్టకట్టుకుని గిలెస్పీ వైపు పోయారు. మనం మాత్రం 10 పాయింట్ల లీడ్ అని ఆ తేడానే చూసుకుంటూ కూర్చున్నాం.

ఆ ఏడాది అక్టోబర్‌లో ఫోన్లు చేసినప్పుడు ఇది నాకు వినపడింది, అప్పుడు అర్థం కాలేదు. లౌడన్ కౌంటీలో పెద్దవయసు అమెరికన్ ఒకాయన, నేవీలో పనిచేసి రిటైరయ్యాడట, జాన్ వార్నర్ పేరెత్తగానే ఎంత ప్రేమగా మాట్లాడాడో. పది నిమిషాలు ఆయన గురించే చెప్పాడు. మరి ఆయన చెప్పినట్టు మార్క్ వార్నర్‌కి వేస్తారా అంటే కాసేపు ఆగి, "చూస్తాను, ఇంకా అనుకోలేదు" అన్నాడు. నేను ఆ కాల్‌ని మనవైపు మొగ్గు అని రాసుకున్నా. ఇప్పుడైతే అలా రాయను. జీవితమంతా ఒకే పార్టీకి వేసిన మనిషి, తనకి ఇష్టమైన పెద్దాయన మాట కాదనలేక, అలాగని ఒప్పుకోలేక, మొహమాటంతో "ఇంకా అనుకోలేదు" అన్నాడంటే చివరికి ఆయన చేరేది సొంత గూటికే. అలాంటి కాల్స్ ఆ నెలలో చాలానే వచ్చాయి నాకు.

అయితే జాన్ వార్నర్ సపోర్ట్ వృథా పోయిందా అంటే నేనలా అనను. వంద ఓట్లకి ఒక్క ఓటు కూడా తేడా లేని చోట, ఆయన వెంట నూటికి ఒక్కరు వచ్చినా గెలిపించింది ఆయనే. ఆయన లేకపోతే మార్క్ వార్నర్ ఓడిపోయేవాడనే నా నమ్మకం, రుజువు చేయమంటే చేయలేను. ఆ ఒక్క శాతాన్ని కొలవగలిగే పోల్ మాత్రం లేదు, ఎందుకంటే పోల్‌లో వచ్చే సహజమైన తప్పే దానికి నాలుగైదు రెట్లుంటుంది.

మీ పోల్‌కి ఇదే లెక్క వేసి చూద్దాం. 46, 42 అన్నారు, మిగిలింది 12. మీ స్టేట్ పేరు చెప్పలేదు కానీ రిపబ్లికన్ స్టేట్ అన్నారు కదా. ఆ 12లో 8 మంది రిపబ్లికన్ వైపు, 4 మంది డెమొక్రాట్ వైపు వెళ్ళారనుకోండి, చెరి 50 అయిపోయింది. ఇదేం విడ్డూరమైన ఊహ కాదు, ఆ వైపు మొగ్గిన స్టేట్‌లో సెప్టెంబర్‌లో తేల్చుకోలేదన్న వాళ్ళలో ఎక్కువమంది ఆ పార్టీవాళ్ళే ఉంటారు, తమ అభ్యర్థి మీద అలకతో ఉంటారంతే. అందుకని లీడ్ ఎంత అని చూడకండి, మీకు కావాల్సిన అభ్యర్థి 50కి ఎంత దూరంలో ఉన్నాడో చూడండి. 46 దగ్గర ఆగిపోయి రెండు నెలలుగా కదలకపోతే అది కంగారు పడాల్సిన నంబర్.

కాన్సాస్ 2014 దీనికి ఇంకా పచ్చి ఉదాహరణ. పాట్ రాబర్ట్స్ అని పాత రిపబ్లికన్ సెనేటర్, సొంత స్టేట్‌ని వదిలేసి వాషింగ్టన్ పక్కనే ఉంటున్నాడని జనానికి కోపం. ఆయన మీద గ్రెగ్ ఒర్మన్ అని ఇండిపెండెంట్. సెప్టెంబర్ మొదట్లో డెమొక్రాట్ అభ్యర్థి చాడ్ టేలర్ తప్పుకున్నాడు, పేరు బ్యాలెట్ మీద ఉంచాలా తీయాలా అని గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, అంటే ఆ స్టేట్ సుప్రీంకోర్టు, తీసేయమని తీర్పొచ్చింది. మాజీ రిపబ్లికన్ ఎమ్మెల్యేల గ్రూప్ ఒకటి ఒర్మన్‌కి సపోర్ట్ ఇచ్చింది. అదే ఏడాది గవర్నర్ పోటీలో అయితే వందమందికి పైగా రిపబ్లికన్ నాయకులు, ఇప్పటివాళ్ళూ మాజీలూ కలిసి, తమ గవర్నర్ బ్రౌన్‌బ్యాక్‌ని కాదని డెమొక్రాట్ పాల్ డేవిస్‌కి సపోర్ట్ ఇచ్చారు. పోల్స్‌లో ఒర్మన్ ముందు, డేవిస్ ముందు. చివరికి రాబర్ట్స్ 53.1, ఒర్మన్ 42.5. బ్రౌన్‌బ్యాక్ కూడా గెలిచాడు. ఒర్మన్‌కి పోల్స్ 40ల మొదట్లో చూపించాయి, అంతే వచ్చాయి, ఇక్కడా పోల్ ఆయన ఓటుని సరిగ్గానే పట్టింది. పెరిగిందంతా రాబర్ట్స్‌కే, దాదాపు పది పాయింట్లు ఆఖర్లో ఒక్కసారిగా. బాబ్ డోల్ లాంటి సొంత పార్టీ పెద్దలు వచ్చి ఊరూరూ తిరిగారు, సెనేట్ ఎవరి చేతిలో ఉండాలన్నదే మాటైపోయింది, అలకలన్నీ పక్కన పెట్టేసి అందరూ గూటికి చేరిపోయారు.

ఈ సెనేట్ ఎవరి చేతిలో అన్న మాట చాలా ముఖ్యమండీ, గవర్నర్ పోటీకీ దీనికీ అసలు తేడా అదే. అదే కాన్సాస్‌లో 2018లో మాజీ రిపబ్లికన్ గవర్నర్ బిల్ గ్రేవ్స్ డెమొక్రాట్ లారా కెల్లీకి సపోర్ట్ ఇచ్చాడు, ఆమె గెలిచింది. రెండేళ్ళకి 2020లో బార్బరా బోలియర్ అని, రిపబ్లికన్ పార్టీ నుంచే డెమొక్రాట్లలోకి వచ్చిన డాక్టరమ్మ, సెనేట్‌కి నిలబడితే పోల్స్ హోరాహోరీ అన్నాయి, 11 పాయింట్లకు పైగా తేడాతో ఓడిపోయింది. మా పక్కనే మేరీల్యాండ్ చూడండి, మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్ అయిన స్టేట్. అక్కడ డెమొక్రాట్ల కోటలో ల్యారీ హోగన్ అనే రిపబ్లికన్ రెండుసార్లు గవర్నర్‌గా గెలిచాడు, జనానికి ఆయనంటే ఇష్టం. 2024లో సెనేట్‌కి నిలబడితే మొదట్లో కొన్ని పోల్స్‌లో ఆయనే ముందున్నాడు. నవంబర్ వచ్చేసరికి ఏంజెలా ఆల్సోబ్రూక్స్ దాదాపు 12 పాయింట్లతో గెలిచింది. ఆయనకి వేయాలనుకున్న డెమొక్రాట్లు కూడా, ఈయన మంచోడే కానీ ఈయన్ని పంపిస్తే సెనేట్ వాళ్ళ చేతికి పోతుంది కదా అని ఆగిపోయారు. గవర్నర్‌కి మనిషిని చూసి వేస్తారు, సెనేటర్‌కి పార్టీని చూసి వేస్తారు, ఈ మధ్య అయితే ఇది మరీ ముదిరింది. 2016లో సెనేట్ ఎన్నికలు జరిగిన ప్రతి స్టేట్‌లోనూ ప్రెసిడెంట్‌గా ఏ పార్టీని గెలిపించారో సెనేటర్‌గా కూడా ఆ పార్టీనే గెలిపించారు, ఒక్కటంటే ఒక్కటి తేడా లేదు. 2020లో తేడా వచ్చింది మెయిన్ (Maine) అనే ఒక్క స్టేట్‌లోనే. 2024లో నాలుగు చోట్ల, అరిజోనా, మిషిగన్, నెవాడా, విస్కాన్సిన్, అన్నీ ఎలాగూ చెరి సగంగా చీలిపోయిన స్టేట్లే.

మరి ఎప్పుడూ పనిచేయదా అంటే అదీ కాదు. అలబామా 2017 గురించి చెప్పకపోతే ఈ జవాబు సగంలో ఆగినట్టే. ట్రంప్ 28 పాయింట్ల మెజారిటీతో గెలిచిన స్టేట్, ఉపఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి రాయ్ మూర్, దశాబ్దాల కిందట టీనేజ్ అమ్మాయిలతో తప్పుగా ప్రవర్తించాడని ఆరోపణలొచ్చాయి, ఆయన కాదన్నాడు, ట్రంప్ ఆయనకే సపోర్ట్ ఇచ్చాడు. ఎన్నికకి రెండు రోజుల ముందు అదే స్టేట్ సీనియర్ రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ షెల్బీ టీవీలో కూర్చుని, నేను మూర్‌కి వేయలేదు, బ్యాలెట్ మీద ఇంకో రిపబ్లికన్ పేరు రాసి వేశాను అని చెప్పేశాడు. డెమొక్రాట్ డగ్ జోన్స్‌కి వేయమనలేదు గమనించండి. అరిజోనా సెనేటర్ జెఫ్ ఫ్లేక్ అయితే జోన్స్‌కి 100 డాలర్ల చెక్కు రాసి ఫోటో పెట్టాడు, పేపర్లలో ఎక్కువ కనపడింది ఆ చెక్కే, కానీ అలబామా ఓటరుకి అరిజోనా ఆయనతో పనేముంది.

జోన్స్ 21,924 ఓట్లతో గెలిచాడు. చేత్తో పేర్లు రాసిన ఓట్లు ఎన్నో తెలుసా, 22,852. గెలుపు తేడా కంటే ఎక్కువ! ఆ సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాకు ఈ ఎండార్స్‌మెంట్ల సంగతి ఒక్కసారిగా అర్థమైంది. షెల్బీ ఇరవై ఏళ్ళుగా పార్టీ ఓట్లతో గెలుస్తూ వస్తున్న మనిషి, వాళ్ళకి ఆయనంటే గురి, ఆయన వాళ్ళని గట్టు దాటమనలేదు, గట్టు మీదే నిలబడొచ్చన్నాడు. అది చాలామంది చేయగలిగిన పని. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి, ఇదొక్కటే గెలిపించలేదు. బ్లాక్ ఓటర్లు పెద్దసంఖ్యలో వచ్చి దాదాపు ఏకపక్షంగా జోన్స్‌కి వేశారు, ఎగ్జిట్ పోల్స్‌లో 96 శాతం. వాళ్ళు రాకపోయుంటే షెల్బీ మాటకి ఏ విలువా ఉండేది కాదు. పత్రికలవాళ్ళు మాత్రం షెల్బీ, ఫ్లేక్ గురించే రాసి బ్లాక్ ఓటర్లని రెండో పేజీకి నెట్టడం నాకు అప్పుడూ బాధే, ఇప్పుడూ బాధే. మూడేళ్ళకి 2020లో జోన్స్ అదే సీటులో 20 పాయింట్లతో ఓడిపోయాడు. అవతల మూర్ లాంటి అభ్యర్థి లేడు, అలకలు తీరిపోయాయి.

అన్నట్టు ఆ ఎన్నికలో ఆఖరి రోజు వచ్చిన పోల్స్ ఒకటి జోన్స్ 10 పాయింట్లు ముందు అంది, ఇంకోటి మూర్ 9 పాయింట్లు ముందు అంది. ఒకే రోజు, ఒకే స్టేట్. ఇద్దరూ అబద్ధాలు చెప్పలేదు. డిసెంబర్‌లో ఉపఎన్నికకి ఎవరొస్తారు ఎవరు రారు అన్నది ముందే ఊహించుకుని దాన్ని బట్టి వెయిట్లు వేయాలి, ఆ ఊహ మారితే నంబర్ మారిపోతుంది. నేను ఆ పని చేశాను కాబట్టి చెప్తున్నా, బయటికి 46 అని ఒక్క అంకె కనపడుతుంది కానీ లోపల ఎన్ని నిర్ణయాలు ఉంటాయో. చదువుని బట్టి వెయిట్ వేయాలా, పోయినసారి ఎవరికి వేశావని అడిగి దాన్ని బట్టి వేయాలా, సెల్ ఫోన్లు ఎన్ని, మెసేజ్ ద్వారా ఎన్ని, ఒక్కోటి అటు మారిస్తే ఒక పాయింట్, ఇటు మారిస్తే రెండు పాయింట్లు. అసలు ఫోనెత్తేవాళ్ళే లేరు, ప్యూ అనే పేరున్న సర్వే సంస్థ వాళ్ళు వాళ్ళ ఫోన్ సర్వేల గురించే చెప్పారు, 1997లో వందలో 36 మంది జవాబిచ్చేవాళ్ళు, 2018కి 6 అయింది.

మార్జిన్ ఆఫ్ ఎర్రర్ అని కింద చిన్నక్షరాల్లో వేస్తారు కదా, 600 మంది శాంపుల్ అయితే ప్లస్ ఆర్ మైనస్ 4. మనవాళ్ళు లీడ్ 4, ఎర్రర్ 4, సరిపోయింది అనుకుంటారు. ఆ 4 ఒక్కో అభ్యర్థి ఓటుకి, లీడ్‌కి కాదు. లీడ్‌కి దాదాపు రెట్టింపు, 8 అనుకోండి. పైగా అది కేవలం లాటరీ తీసినట్టు మనుషుల్ని ఎంచుకోవడంలో వచ్చే తప్పు మాత్రమే, ఒక రకం మనుషులు అసలు ఫోనే ఎత్తకపోతే వచ్చే తప్పు అందులో లేదు.

ఆ రెండో రకం తప్పు చూడాలంటే మెయిన్ 2020. సూసన్ కాలిన్స్, రిపబ్లికన్, ఆమె మీద డెమొక్రాట్ సారా గిడియన్. ఆ ఏడాది ఎండాకాలం నుంచి వచ్చిన పోల్స్ వరసగా గిడియన్ ముందంది అన్నాయి, సెప్టెంబర్‌లో క్విన్నిపియాక్ యూనివర్సిటీ పోల్ అయితే 12 పాయింట్లు. డబ్బు వరదలా వచ్చింది, ఎన్నికైపోయాక కూడా కోటి డాలర్లకి పైగా మిగిలిపోయాయి గిడియన్ దగ్గర. రిజల్ట్ కాలిన్స్ 51, గిడియన్ 42.4. ఇక్కడ వర్జీనియాలో లాగా గిడియన్ ఓటు పోల్ చెప్పినంత వచ్చి ఆగలేదు, దానికంటే కిందికి పోయింది. అంటే తేల్చుకోనివాళ్ళ మీదికి నెట్టేయడానికి లేదు, కాలిన్స్ మనుషులు పోల్స్‌కి అసలు దొరకనేలేదు. అమెరికా పోలింగ్ నిపుణుల సంఘం తర్వాత లెక్కకడితే ఆ ఏడాది నేషనల్ పోల్స్‌లో సగటు తప్పు 4.5 పాయింట్లు, 40 ఏళ్ళలో అంత తప్పు లేదు, అదీ ఎక్కువ శాతం ఒకే వైపుకి. అందుకే అన్ని పోల్స్ ఒకే మాట చెప్తున్నాయి కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు, అన్నీ ఒకే రకం మనుషుల్ని వదిలేస్తే అన్నీ ఒకేలా తప్పుతాయి.

కాలిన్స్‌కి కూడా అవతలి పార్టీ నుంచి సపోర్ట్ ఉంది, వెస్ట్ వర్జీనియా డెమొక్రాట్ జో మాంచిన్ ఇచ్చాడు. అది ఆమెని గెలిపించిందని నేననుకోను. పాతికేళ్ళుగా ఆ చిన్న స్టేట్‌లో ప్రతి ఊరూ తిరిగిన మనిషి, సెనేట్‌లో ఒక్క ఓటింగ్ కూడా మిస్ అవ్వని మనిషి అన్న పేరుంది, బైడెన్‌కి వేసిన చేత్తోనే ఆమెకీ వేశారు. బైడెన్ ఆ స్టేట్‌ని 9 పాయింట్లతో గెలిచాడు మరి.

ఎండార్స్‌మెంట్ నిండుగా పండిన చోటు నా దృష్టిలో అలాస్కా. అక్కడి రిపబ్లికన్ సెనేటర్ లీసా మర్కౌస్కీ 2010లో సొంత పార్టీ ప్రైమరీలో రెండు వేల ఓట్లతో ఓడిపోయి, బ్యాలెట్ మీద పేరు లేకుండానే, జనంతో తన పేరు చేత్తో రాయించుకుని గెలిచింది. ఆ పేరు స్పెల్లింగ్ ఎంత కష్టమో తెలుసుగా, చేతికి వేసుకునే బ్యాండ్ల మీద అచ్చేసి పంచారు! 1954 తర్వాత సెనేట్‌కి అలా గెలిచింది ఆమే. 2022లో ట్రంప్ ఆమె మీద నిలబడ్డ కెల్లీ షిబాకాకి సపోర్ట్ ఇచ్చాడు. అప్పటికి అలాస్కాలో పద్ధతి మారింది, ప్రైమరీ అందరికీ కలిపి ఒకటే, మొదటి నలుగురు ఫైనల్‌కి, అక్కడ ఓటరు ఒకటి రెండు మూడు అని వరస రాస్తాడు. మర్కౌస్కీ రిపబ్లికన్ అయ్యుండి, హౌస్ సీటుకి డెమొక్రాట్ మేరీ పెల్టోలాకి నా మొదటి ఓటు అంది, పెల్టోలా కూడా సెనేట్‌కి మర్కౌస్కీకే నా మొదటి ఓటు అంది. మొదటి లెక్కలో మర్కౌస్కీ 43.4, షిబాకా 42.6, నువ్వా నేనా అన్నట్టు. ఓట్లు తక్కువొచ్చి డెమొక్రాట్ పాట్ చెస్‌బ్రో లెక్కలో తొలగిపోయాక ఆమె ఓటర్ల రెండో ఓటు ఎక్కువ భాగం మర్కౌస్కీకి వచ్చి 53.7తో గెలిచింది. ఇక్కడ డెమొక్రాట్ ఓటరు తన పార్టీని వదులుకోనక్కర్లేదు, మొదటి ఓటు అటు, రెండోది ఇటు. ఎన్నికల పద్ధతే ఆ మొహమాటాన్ని తీర్చేసింది.

ఇప్పుడు టెక్సస్ 2024 పక్కన పెట్టి చూడండి. ఫ్రిస్కో, ప్లేనోల్లో మనవాళ్ళు బోలెడంతమంది, నాకు ఆ నెలంతా అక్కడి చుట్టాల ఫోన్లే. లిజ్ చేనీ, ఆడమ్ కింజింగర్ ఇద్దరూ ట్రంప్‌ని ఎదిరించిన రిపబ్లికన్లే, టెడ్ క్రూజ్ మీద డెమొక్రాట్ కాలిన్ ఆల్‌రెడ్‌కి సపోర్ట్ ఇచ్చారు. నాకు లిజ్ చేనీ అంటే చాలా గౌరవం, తన పదవి పోతుందని తెలిసీ నమ్మిన మాట మీద నిలబడింది. కానీ ఆమెది వయోమింగ్, ఆయనది ఇల్లినాయ్. ఆమె 2022లో సొంత పార్టీ ప్రైమరీలోనే 37 పాయింట్ల తేడాతో ఓడిపోయి ఉంది. ఆమె మాట వినే టెక్సస్ రిపబ్లికన్ అప్పటికే పార్టీకి దూరమైపోయి ఉంటాడు, మిగిలినవాడు ఆమె చెప్పిందంటే ఇంకా బిగుసుకుంటాడు. క్రూజ్ 8.5 పాయింట్లతో గెలిచాడు, పోల్స్ అందులో సగమే చూపించాయి.

కాబట్టి మీ స్టేట్‌లో ఆ పెద్దాయన గురించి నేనడిగేవి ఇవి. ఆయన ఆ స్టేట్ వాడేనా, ఎప్పుడు దిగిపోయాడు, ఆయనకి వేసిన తరం ఇప్పటికీ ఓటేస్తోందా, పార్టీతో ఇంతకుముందే తెగతెంపులు చేసుకున్నాడా లేక ఇదే మొదటిసారా. మొదటిసారైతే దానికి బరువెక్కువ. ప్రతిసారీ అవతలి వాళ్ళకే సపోర్ట్ ఇస్తూ వస్తుంటే ఆయన వెంట వచ్చేవాళ్ళు ఎప్పుడో వచ్చేసి ఉంటారు, ఆ 46లో వాళ్ళు ఇప్పటికే ఉన్నారు. ఇంకోటి, రిపబ్లికన్ అభ్యర్థి నచ్చనివాళ్ళు ఇంకెవరికైనా వేసుకునే వీలుందా, లిబర్టేరియన్ అనే మూడో పార్టీవాడు ఉన్నాడా, పేరు రాసే వీలుందా, అది కూడా కనుక్కోండి.

పోల్ ఎవరు చేయించారో తప్పకుండా చూడండి. అభ్యర్థి సొంత డబ్బుతో చేయించుకున్న పోల్ అయితే నేను ఐదు పాయింట్లు తీసేసి చదువుతా, నచ్చని పోల్‌ని ఎవరూ బయటపెట్టరు కదా. నెబ్రాస్కాలో 2024లో ఇండిపెండెంట్ డాన్ ఆస్‌బోర్న్ ముందున్నాడని ఆయన టీం పోల్స్ వదిలింది, బయటివాళ్ళు చేసిన ఒక మంచి పోల్ డెబ్ ఫిషర్ 2 పాయింట్లు ముందు అంది, చివరికి ఆమె దాదాపు 7 పాయింట్లతో గెలిచింది. ట్రంప్ దాదాపు 20తో గెలిచిన స్టేట్‌లో అంతవరకు రావడం ఆస్‌బోర్న్‌కి గొప్పే, గెలుపు మాత్రం కాదు.

ఆ పోల్ పూర్తి రిపోర్టులో చివరి పేజీల్లో ఏ వర్గం ఎటు అని పట్టికలుంటాయి. అందులో తేల్చుకోలేదన్న 12 శాతంలో తమని రిపబ్లికన్ అని చెప్పుకున్నవాళ్ళు ఎంతమంది, పోయినసారి ప్రెసిడెంట్‌కి ఎవరికి వేశామన్నారు, ఆ రెండూ వెతికి ఇక్కడ రాయండి. రిపబ్లికన్లు సగం కంటే తక్కువుంటే నా మాట మార్చుకుంటా. మూడింట రెండొంతులు వాళ్ళే ఉంటే ఆ 4 పాయింట్ల లీడ్‌ని లెక్కలోకే తీసుకోకండి, మీ కౌంటీలో ఓటుకి రాని మనవాళ్ళ ఇళ్ళ లిస్టు తీసుకుని శనివారం పొద్దున్నే బయల్దేరండి.